దిలీపుని యుద్యోగము

కాళిదాస మహాకవి రచించిన రఘువంశమునందలి ద్వితీయసర్గము తెలుగునాట సంస్కృతము నేర్చినవారికెల్ల చిరపరిచితము. శబ్దమంజరి ముగిసిన పిదప విద్యార్థులచేత మొదట చదివింపబడు కావ్యము తరచుగా రఘువంశమే యగుటచే, దిలీపమహారాజు నందినీధేనువును సేవించిన కథ వారిలో నెరుగనివారు తక్కువ. అయినను బాల్యమున కంఠస్థమైన గ్రంథమునకు ఒక కీడు కలదు. దానిని పెద్దవయస్సున మరల విప్పిచూచుట యరుదు. అందుచే ఈ ఘట్టము గోభక్తికిని గురుభక్తికిని దృష్టాంతముగా మాత్రమే మన మనస్సులలో నిలిచిపోయినది. ఆ యర్థము తప్పని నేననను. కాని అంతటితో కావ్యార్థము తీరినదనుట పొరపాటని నా యభిప్రాయము. సంతానార్థియై తన వృత్తిని విడిచిన మనుష్యుడు, ఆ వృత్తి లేనినాడు తానెవ్వడు అను ప్రశ్న కీ రెండు సర్గములును సమాధానములని ఈ వ్యాసమున నిరూపింప యత్నించెదను.

ఈ విచారమునకు ప్రసక్తి కల్పించినది నా పూర్వశిష్యురా లొకతె. నాకు నివాసమైన చౌటుప్పలు హైదరాబాదు, విజయవాడల నడుమనున్న 65వ జాతీయ రహదారిమీది పట్టణము. పూర్వము నల్లగొండ జిల్లాలోనిది. 2016 నుండి యాదాద్రి భువనగిరి జిల్లాలో చేరినది. హైదరాబాదున కించుమించు 50 కిలోమీటర్ల దూరము. ఆమె ఒక పాఠశాలలో పదేండ్లు తెలుగు చెప్పినది. వివాహమై యెనిమిదేండ్లు కడచినను సంతతి కలుగకుండుటచే భార్యాభర్తలు వైద్యుల నాశ్రయించిరి. నగరమునకు పలుమార్లు పోవలసివచ్చుట, బడిలో సెలవు దొరకకుండుట, ఈ రెంటి నడుమ నలిగి ఆమె తన పని చాలించుకొన్నది. చికిత్స యింకను ప్రారంభము కాలేదు. పరీక్షలును, శరీరమును సిద్ధపరచు మందులును మాత్రమే నడుచుచున్నవి. ఒకనాటి సాయంకాలము మా యింటికి వచ్చి కూర్చుండి, “సారూ, ఏం చేస్తున్నవమ్మా అని ఎవరన్న అడిగితే ఏం చెప్పాల్నో తెలుస్తలేదు. మొన్నటిదాక టీచర్ని. రేపు తల్లినైతనో కానో తెల్వదు. ఇయాల ఏందో నాకే తెల్వదు” అన్నది.

ఓదార్చుట చేతగాక, నాకు చేతనైన పనికి పూనుకొంటిని. రఘువంశము తెచ్చి, వారమున కొకనాడు కలిసి చదువుద మంటిని. నేను ముప్పదియేండ్లు పాఠము చెప్పిన సర్గమే అది. ఆమెతో కూడి చదివినపుడుగాని అందలి ముఖ్యాంశములు నాకు కనబడలేదు.

నిక్షేపము

మొదటి విశేషము ప్రథమసర్గములోనే కలదు. దిలీపుడు సంతానార్థమైన విధి నాచరింప సంకల్పించి, లోకభారమును తన భుజమునుండి దింపి మంత్రులయందుంచెను. ఈ యుంచుటను చెప్పుటకు కవి వాడిన క్రియ నిక్షేపార్థకము. నిక్షేపమనగా దానము కాదు, త్యాగము కాదు. తిరిగి తీసికొనువాడు కలడని యెరిగి నమ్మినవానియొద్ద నుంచిన సొమ్ము. ధర్మశాస్త్రములు వ్యవహారపదములలో నిక్షేపమునకు ప్రత్యేకస్థాన మిచ్చినవి. ఉంచినవాడు వచ్చి యడిగిననాడు మరల నొప్పగింపనివాడు దండ్యుడు. కావున దిలీపుడు రాజ్యమును విడువలేదు, దాచుకొనెను. ద్వితీయసర్గాంతమున అదే భారమును మరల భుజమున కెత్తుకొనెనని కవి చెప్పి, దింపుకొన్న మాటకును ఎత్తుకొన్న మాటకును జత కుదిర్చినాడు. రెండు సర్గముల కథయంతయు ఈ రెండు క్రియల నడుమ నడచినది.

దీనికి ప్రతియోగియైన కథ మన యాంధ్రమహాభారతమున కలదు. ఆదిపర్వమున నన్నయభట్టారకుడు చెప్పిన పాండురాజు కథ యది. మృగరూపమున నున్న మునిని వేటాడి శాపగ్రస్తుడై, భార్యాసంగమము ప్రాణాంతకమని విని, పాండురాజు వైరాగ్యముతో భూషణములను రాజభోగమును త్యజించి పరివారమును హస్తిపురమునకు పంపివేసెను. శతశృంగమున తపస్సు చేయుచుండగా, సంతతి లేనివానికి పుణ్యలోకములు లేవను చింత అతనిని పట్టుకొన్నది. కుంతి మంత్రప్రభావమున పుత్రులు కలిగిరి. కాని రాజ్యము మరల నతని చేతికి రాలేదు. అతడు దానిని నిక్షేపించి పోలేదు, పశ్చాత్తాపవేగమున విడిచిపోయెను. విడిచినదానిని అనుభవించుచున్నవారు తమదే యనుకొనిరి. తరువాతి తరమున కలిగిన కలహమున కిది యొక బీజము. సంతానహీనుడైన రాజు పని విడిచి యడవికి పోవుట రెండుకథలకు సమానము. ఒకటి దాచి పోవుట, రెండవది పారవేసి పోవుట. ఫలభేదమునకు మూల మీ భేదమే.

మా శిష్యురాలు ఈ మాట విని చాలసేపు మాటాడలేదు. తన స్థానమున మరియొకరిని అప్పుడే నియమించినారని తరువాత చెప్పినది. ఆమె దాచుకొనుట కవకాశ మెవ్వరును ఈయలేదు.

ఇక్కడ శాసనముల మాట కొంత చెప్పవలెను. 1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టమును 2017లో సవరించి ప్రసూతిసెలవును 26 వారములు చేసిరి. గర్భస్రావమైన స్త్రీకి 6 వారములు, సంతాననిరోధ శస్త్రచికిత్స చేయించుకొన్న స్త్రీకి 2 వారములు, తన యండముతో నేర్పడిన పిండమును వేరొక స్త్రీ గర్భమున నుంచి బిడ్డను పొందిన తల్లికి 12 వారములు సెలవు కలదు. 2020 నాటి సామాజిక భద్రతా స్మృతిలోను ఈ విభాగములు నిలిచియున్నవి. కన్నదానికి సెలవున్నది, కోల్పోయినదానికి సెలవున్నది, ఇక వలదనుకొన్నదానికి సెలవున్నది. కనవలెనని యెదురుచూచుచు చికిత్సకు సిద్ధపడుచున్నదానికి మాత్రము ఆ జాబితాలో పేరు లేదు. కాళిదాసు నిక్షేపమను నొక్క క్రియతో చెప్పిన సౌకర్యము మన శాసనభాషకు ఇంకను అందలేదు.

దోష మెవ్వరిది?

రెండవ విశేషము దోషనిరూపణమున కలదు. తెలుగున గొడ్రాలు అను మాట యున్నది. గొడ్డు అనగా పశువు. గొడ్డు అనగా సంతతి లేమి. పుల్లింగమున దీనికి సరిజోడైన తిట్టు వాడుకలో వినరాదు. సంతానహీనతకు పేరు పెట్టవలసివచ్చినపుడు భాష స్త్రీనే వెదకినది. శుభకార్యములలో ఆమెను వెనుకకు నిలుపు ఆచారమునకు ఈ పదమే ఊత.

కాళిదాసు ఈ త్రోవ త్రొక్కలేదు. వసిష్ఠాశ్రమమునకు పోయిన దిలీపుడు తన దుఃఖమును విన్నవించుచు, ప్రేమతో స్వయముగా నీరుపోసి పెంచిన యాశ్రమవృక్షము ఫలింపకున్న నెట్లుండునో అట్లున్న తన్ను చూచి గురువు ఎట్లు దుఃఖింపకున్నాడని యడుగును. ఆ చోట వంధ్యశబ్దము చెట్టునకు విశేషణమై, ఉపమాద్వారమున రాజునకే అన్వయించినది. సుదక్షిణకు కాదు. పిమ్మట వసిష్ఠుడు ధ్యానమున కారణము కనుగొని చెప్పునపుడును దోషము రాజుదే. ఇంద్రుని సేవించి తిరిగివచ్చుచు, కల్పవృక్షచ్ఛాయలో నున్న కామధేనువునకు ప్రదక్షిణము చేయక వచ్చినాడు. భార్య ఋతుస్నాతయై యున్నదను తొందరలో జరిగిన యుపేక్ష యది. ధేనువు శపించినది. ఆకాశగంగలో దిగ్గజముల కోలాహలముచే ఆ శాపము రాజునకు గాని సారథికి గాని వినబడలేదు.

కవి యీ చివరి మాట యెందులకు చెప్పెను? కారణ మున్నది, కాని తెలియలేదు. తెలియనందున తప్పు చేసినవాడు తప్పు చేసినట్లెరుగక ఏండ్లు గడిపెను. సంతానహీనులైన దంపతులకు కలుగు దుఃఖములలో మొదటిది లేమి కాదు, కారణము తెలియకుండుట. వైద్యుడు పరీక్షించి కారణము చెప్పిననాడు సగము భారము దిగునని మా శిష్యురాలే యన్నది. వారి విషయమున కారణ మిరువురిలోను కొంత కొంత యున్నదని తేలినదట. వసిష్ఠుడు నింద చేయలేదు, నిదానము చెప్పెను. నిదానమునకును నిందకును గల యంతరము గురువునకు తెలిసియున్నది. మన బంధువర్గమునకు తెలియదు.

వ్రతమా, విరామమా?

ఇక ప్రధానాంశము. వసిష్ఠుడు రాజున కిచ్చిన విధానమును చూడుడు. వన్యాహారముతో జీవింపవలెను. ధేనువు నడచిన నడువవలెను, నిలిచిన నిలువవలెను, కూర్చుండిన కూర్చుండవలెను, నీరు త్రావిన త్రావవలెను. రాణి ప్రాతఃకాలమున పూజించి తపోవనపు సరిహద్దువరకు వెంట పోయి, సాయంకాలము ఎదురుగా వచ్చి తోడ్కొని రావలెను. ఇందు పనిలేని గడియ యొక్కటియు లేదు. దిలీపుడు రాజ్యకార్యము చాలించినాడు గాని పని చాలింపలేదు.

సంస్కృతమున ఉద్యోగశబ్దమునకు ప్రయత్నము, పూనిక, సన్నాహము అని యర్థములు. భారతమునందలి ఉద్యోగపర్వము యుద్ధసన్నాహమునకు సంబంధించినది. తెలుగున ఈ శబ్దము క్రమముగా జీతము కలిగిన కొలువు అను నర్థమున స్థిరపడిపోయినది. ఈ యర్థసంకోచమువలన కలిగిన నష్టము చిన్నది కాదు. నేడు కొలువు మానినదానిని ఉద్యోగము లేనిదందుము. కాని ఆమె దినచర్య యెట్టిదో విచారింపుడు. ఐ.వి.ఎఫ్. అను చికిత్సలో సామాన్యముగా 10, 12 దినములు ప్రతిదినము ఇంజెక్షన్లు తీసికొనవలెను. నడుమ నడుమ స్కానింగు కొరకు నగరమునకు పోవలెను. చివరి యింజెక్షను పిదప ఇంచుమించు 36 గంటలకు అండములను సేకరింతురు. పిండమును ప్రయోగశాలలో 3 మొదలు 5 దినములు పెంచి గర్భాశయమున నుంతురు. అటుపిమ్మట ఫలితము తెలియుటకు రమారమి రెండు వారములు వేచియుండవలెను. సూది వేళ తప్పరాదు, ఆహారనియమము తప్పరాదు, ప్రయాణము తప్పరాదు. ప్రాచీనార్థమున ఇది యుద్యోగము కాక మరేమి? కొలువు మానిన దినమున ఆమె ఉద్యోగము మానలేదు, ఉద్యోగమునకు పూనినది. ఆ పూనికకు పేరు లేకుండుటచేతనే “ఖాళీగ ఉన్న” నని చెప్పుకొనవలసి వచ్చినది.

ఈ పేరులేమి కొలువు చేయువారికి మాత్రమే పరిమితము కాదు. చౌటుప్పలు మండలములోని కొయ్యలగూడెమునను, దగ్గరనున్న పోచంపల్లిలోను మగ్గములున్న యిండ్లు పెక్కు. అక్కడ ఆసు పోయుట, కండెలు చుట్టుట తరచుగా స్త్రీలు చేయు పనులు. ఆసు పోయు తల్లి భుజముల బాధ చూడలేక కుమారు డొకడు యంత్రమును నిర్మించినాడు. ఆ చింతకింది మల్లేశము 2017లో పద్మశ్రీ పురస్కారము నందెను. ఒక యంత్రము కనిపెట్టవలసినంత కఠినమైన ఆ శ్రమను “ఇంట్ల ఉంటది” అను రెండు మాటలలో చెప్పి తేల్చివేయుట మన వాడుక. అట్టి స్త్రీ చికిత్సకై ఆసు మానినచో, పని మానినదనికూడ ఎవ్వరును అనరు. చేసినప్పుడు పేరులేని పనికి మానినప్పుడు పేరెక్కడిది?

కాళిదాసు దిలీపునకు మూడు సౌకర్యములు కల్పించినాడు. పేరు కలదు: అది వ్రతము. దినక్రమము కలదు: ఉదయాస్తమయముల నడుమ ధేనువు ననుసరించుట. తోడు కలదు: భార్యాభర్త లిరువురును ఒకే రథమున బయలుదేరిరి, ఒకే పర్ణశాలలో దర్భలమీద శయనించిరి. పైగా శరీరశ్రమలో అధికభాగము పురుషునిది. నేటి చికిత్సలో, కారణ మెవ్వరిదైనను, సూదులు స్త్రీకే. ఈ విషయమున శాస్త్రము కావ్యముకంటె ఎంతో ముందుకు పోయినను, పాలు పంచుటలో కావ్యమే ముందున్నది.

రాజచిహ్నములు లేని రాజు

వ్రతారంభమున దిలీపుడు మిగిలిన యనుచరులనుకూడ మరలించెను. ఛత్రచామరములు లేవు. జుట్టు తీగలతో ముడివేసికొని, ఎక్కుపెట్టిన విల్లుతో అడవిలో తిరుగుచుండెను. అయినను తేజోవిశేషముచేత రాజని ఊహింపదగియుండెననియు, మదము బయలుపడని గజమువలె నుండెననియు కవి చెప్పును. చెట్లు పక్షికూజితములతో జయశబ్దము పలికినట్లును, తీగలు పౌరకన్యలు పేలాలు చల్లినట్లు పూలు రాల్చినట్లును వర్ణించును.

ఈ వర్ణనలను అలంకారములుగా మాత్రమే మనము పాఠము చెప్పుకొనుచు వచ్చితిమి. నాకిప్పుడు వీనిలో వేరొక ధ్వని వినవచ్చుచున్నది. పరివారము పోయినపిదప రాజు చెవికి ప్రతి పక్షికూతయు జయశబ్దముగా వినబడుట, పదవి నుండి దిగినవాని మనస్సు ఇంకను పదవిలోనే యుండుటకు గుర్తు. మా శిష్యురాలు తెల్లవారుజామున లేచి, బడిగంట వినబడినట్లయి చీర మార్చుకొని, పిమ్మట గుర్తువచ్చి కూర్చుండిపోవునట. మల్లినాథసూరి ఇట్టి యర్థమును చెప్పలేదు. మెదకు ప్రాంతపు కొలిచెలమవాడైన ఆ మహావ్యాఖ్యాత మూలమున లేనిదానిని వ్రాయనని ప్రతిన చేసినవాడు. నేను చేయుచున్నది వ్యాఖ్యానము కాదు, అనుభవముతో పోల్చిచూచుట మాత్రమే. ఒప్పుకొనుటయు మానుటయు సహృదయుల యిష్టము.

అట్లు 21 దినములు గడచినవి. మరునాడు ధేనువు హిమవద్గుహలో ప్రవేశింపగా సింహము దానిపై పడెను. రాజు బాణము తీయుటకు చేయి వెనుకకు చాచెను. ఆ చేయి బాణపుంఖముల కంటుకొని కదలకపోయెను. చిత్రమున వ్రాయబడినవానివలె నిలిచిపోయి, మంత్రౌషధములచే బంధింపబడిన పామువలె తన తేజముచేత తానే లోలోపల దహింపబడెను.

ఈ సర్గమంతటికి మర్మస్థానము ఇదియే. ఛత్రము పోయిన నాడు విల్లు మిగిలినది. ఆ విల్లే తానని రాజు నమ్మియుండెను. ఇప్పుడు విల్లును పట్టు చేయియే పనిచేయలేదు. పదవి పోయిన మనుష్యుడు, పదవి పోయిననేమి, నా నేర్పు నాయొద్దనే యున్నదికదా యనుకొనును. కొంతకాలమునకు ఆ నేర్పును పనికిరాకుండ పోవును. మందులవలన అలసట, మతిమరుపు, చదువుమీద మనసు నిలువకుండుట కలిగి, తనకు కంఠస్థమైన పద్యము నడుమ మరచితినని మా శిష్యురాలు కంటతడి పెట్టినది ఈ ఘట్టము చదివిననాడే.

సింహమిట్లు బోధించినది: ఏకచ్ఛత్రాధిపత్యము, యౌవనము, సుందరమైన దేహము కలవాడవు, అల్పమైన యొక గోవుకొరకు ఇన్నిటిని విడువబోవు నీవు విచారమూఢుడవుగా తోచుచున్నావు, బ్రతికియున్న ప్రజలనెల్ల రక్షింపగలవు, కోట్లకొలది గోవులను గురువున కీయగలవు. ఇది శత్రువు మాట కాదు, హితుని మాట. లోకమెల్ల చెప్పునది యిదియే. చేతనున్న యుద్యోగము వదలుకొని, కలుగునో కలుగదో తెలియనిదానికొరకు ఇన్ని కష్టములెందుకని చుట్టములు చెప్పుదురు. అందు తర్కము లేకపోలేదు. అందుచేతనే కవి దానిని గొప్ప వక్తయైన సింహమునోట పలికించెను.

దిలీపుని ప్రత్యుత్తరమున సంతానప్రసక్తి లేదు. గాయమునుండి కాపాడువాడు కావుననే క్షత్రశబ్దము లోకమున రూఢమైనది. దానికి విపరీతముగా నడచువానికి రాజ్యమెందుకు, ప్రాణమెందుకు అన్నాడు. నన్ను బ్రతికింపదలచినచో నా యశశ్శరీరముపై దయయుంచు మన్నాడు. అనగా తన పేరునకు అర్థమును పదవిలో వెదకలేదు, విల్లులో వెదకలేదు, తాను చేయవలసిన పనియొక్క మూలధర్మమున వెదకెను. చేయి విడివడెను. విడివడిన చేతితో బాణము తీయక, ఆయుధము క్రింద పెట్టి మాంసపిండమువలె దేహమును సమర్పించెను.

సుదక్షిణ మౌనము

కావ్యమునకు కొరతయు కలదు. దానిని దాచుట విమర్శకునకు తగదు. సుదక్షిణ యీ కథలో పూజించును, వెంట నడచును, ఎదురువచ్చును, రెప్పవేయక భర్తను చూచును. ఆమె మనస్సున నేమున్నదో మాత్రము కవి చెప్పడు. తృతీయసర్గమున గర్భవతియైన రాణి సిగ్గుచే తన కోరిక చెప్పదని రాజు ఆమె చెలికత్తెల నడుగును. అంత ప్రేమ కలిగిన భర్తకును ఆమె మాట వేరొకరి ద్వారముననే చేరినది. రాజ్యము విడిచిన రాజు ఎవ్వడన్న ప్రశ్నకు కవి యొక సర్గము నిచ్చెను. రాణివాసము విడిచి పర్ణశాలలో పండుకొన్న రాణి యెవ్వతె యన్న ప్రశ్నకు ఒక శ్లోకమైన నీయలేదు. ఈ సర్గము వ్రాయబడలేదు. వ్రాయవలసినవారు మన కాలపు రచయిత్రులు.

అట్లని కవి మాతృత్వమును సంకుచితముగా చూచెననుటకు వీలులేదు. సింహము కాపాడుచున్నది ఒక దేవదారువృక్షమును. దానిని శివుడు పుత్రునిగా చేసికొనగా, పార్వతి బంగారు కుంభములతో నీరుపోసి పెంచినది. అడవియేనుగు ఒరసికొని దాని బెరడు చీలినపుడు, అసురుల యస్త్రములచే కుమారస్వామి గాయపడినట్లే దుఃఖించినది. సంతానము కోరి వచ్చినవానికి ఎదురైనది కనకయే తల్లియైన యొక తల్లి పెంచిన చెట్టు. ఇది కాకతాళీయమని నేను నమ్మజాలను.

ఆమె ప్రశ్న

సర్గము ముగియవచ్చిననాడు మా శిష్యురాలు పుస్తకము మూసి, “సారూ, దిలీపునికి వరం దొరికింది గనక రాజ్యం మళ్ల దక్కింది. దొరకకపోతే?” అని యడిగినది.

నా ముప్పదియేండ్ల పాఠములో ఏ విద్యార్థియు నన్నీ ప్రశ్న యడుగలేదు. నేను వెంటనే సమాధానము చెప్పలేకపోతిని. ఈ చికిత్స యందరికి ఫలింపదు. 1978 జూలై 25న ఇంగ్లండునను, అదే సంవత్సరము అక్టోబరు 3న కలకత్తాలో సుభాష్ ముఖోపాధ్యాయుని కృషిచేతను గర్భాశయము వెలుపల రూపుకట్టిన పిండములనుండి శిశువులు జన్మించిరి. అప్పటినుండి శాస్త్రమెంత పెరిగినను, ప్రతి ప్రయత్నమును సఫలమగునని చెప్పగల వైద్యుడు లేడు. దిలీపుని కథ సఫలుని కథ. విఫలునికి కవి యేమి చెప్పినట్లు?

మరల చదివితిని. రెండు విషయములు కనబడినవి.

మొదటిది. సింహము ముందు దేహమును పడవేసిన క్షణమున దిలీపునకు రాజ్యము లేదు, ఆయుధము లేదు, ఇక సంతానాశయు లేదు; దేహమే పోవుచుండగా సంతాన మెక్కడిది? కావున కవి వైఫల్యమును తప్పించుకొని పోలేదు. ఒక్క క్షణము దానిలో నాయకుని పూర్తిగా నిలిపెను. ఆ క్షణమున దిలీపుడు తక్కువవాడు కాలేదు. అప్పుడు ధేనువు “లెమ్ము” అనుచు అతనిని బిడ్డా యని పిలిచినది. బిడ్డను కోరి వచ్చినవాడు మొదట తానే బిడ్డయని పిలువబడెను. ఆశ విడిచిన పిదపనే ఆశ ఫలించునని దీనినుండి నీతి తీయువారుందురు. ఆ నీతి తప్పు. ఎదురుచూచుచున్నవారికి అట్టి మాట చెప్పుట క్రూరము. కవి చెప్పినది ఫలప్రాప్తికి ఉపాయము కాదు, ఫలము లేనినాడును మిగులు మనుష్యుని స్వరూపము.

రెండవది. క్రమమును గమనింపుడు. దిలీపుడు ఆకుదొన్నెలో పాలు పిండుకొమ్మని ధేనువు చెప్పినను, దూడకును హోమమునకును మిగిలిన పాలే, గురువు అనుజ్ఞ యైన పిమ్మటనే త్రాగెదననెను. అటులే త్రాగి రాజధానికి వచ్చెను. వ్రతముచే కృశించిన యతని దేహమును ప్రజలు కన్నులారా చూచిరి. అతడు భారమును మరల భుజమున కెత్తుకొనెను. ఆ పిమ్మటి శ్లోకముననే రాణి గర్భధారణము. వరము కలిగినమాట నిజము. కాని రాజ్యము నెత్తుకొన్ననాటికి ఒడిలో బిడ్డ లేడు. ప్రజలు స్వాగతము పలికినది తండ్రిని కాదు, వ్రతము ముగించి చిక్కి వచ్చిన మనుష్యుని. రాజ్యము మరల చేకొనుటకు వ్రతసమాప్తి చాలినది. నిక్షేపమును మరల కోరువానిని, వెళ్లిన పని యేమైనదని యడిగి, ఆ ఫలమునుబట్టి యిచ్చుట ధర్మము కాదు.

ఈ మాట చెప్పగా ఆమె కొంతసేపు ఆలోచించి, “అయితే రాజ్యం దాచుకునే మంత్రులు కావాలె గద సారూ” అన్నది. అది నిజము. కావ్యము మనుష్యునకు లోపలి యుత్తర మీయగలదు. మంత్రులను లోకమే యేర్పరుపవలెను. ఆ యేర్పాటు పాఠశాలలును, కార్యాలయములును, శాసనకర్తలును చేయవలసినది.

ఆమె చికిత్స వచ్చెడు మాసమున ఆరంభమగునట. ఫలితమేమగునో నాకు తెలియదు. ఈ వ్యాసమునకు దానితో నిమిత్తము లేదు. ఇపుడు ఎవరైన ఏమి చేయుచున్నావని యడిగినచో, “వ్రతంల ఉన్న” అని చెప్పుచున్నదట. అడిగినవారు ఏ దేవుని వ్రతమో యనుకొని మరి ప్రశ్నింపరట. బాల్యమున మనము వల్లించిన రఘువంశము మన బిడ్డలకు ఈపాటి యుపకారము చేయగలిగినచో, దానిని పెద్దవయస్సున మరల తెరచుట వ్యర్థము కాదని సహృదయులకు విన్నవించి విరమించుచున్నాను.